మంచం పక్కన ఎవరు?

మన ఆసుపత్రుల్లో ఆడమనిషి ఒంటరిగా మంచం ఎక్కదు. భర్తో, అత్తగారో, తోడికోడలో, ఎవరూ లేకపోతే పక్కింటావిడో వెంట ఉండాల్సిందే. డాక్టరు అడిగేది పేషెంటును. జవాబు చెప్పేది పక్కన నిలబడ్డ మనిషి. "రాత్రి మెట్ల మీంచి జారిపడిందండీ" అని అతనంటాడు. ఆమె గోడవైపు చూస్తూ ఉంటుంది. ఆ ఇంటికి మెట్లే లేవని తర్వాత ఏ ఆయమ్మో చెబుతుంది.

నేను తెనాలి పక్క పల్లెటూరిదాన్ని. 1971లో నర్సింగ్ శిక్షణలో చేరి, కోస్తాలోనూ తెలంగాణలోనూ మిషన్ ఆసుపత్రుల్లో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు పల్లెల్లో పెట్టే ఉచిత వైద్య శిబిరాలకు వెళుతుంటాను. ఆసుపత్రి చరిత్ర రాయమంటే కట్టించిన దొరసానుల పేర్లు, శంకుస్థాపన తేదీలు, ఎక్స్‌రే మిషను ఏ ఏడు వచ్చిందీ రాస్తారు. శతజయంతి సంచికలన్నీ ఈ తీరుగానే ఉంటాయి. నాది వేరే లెక్క. ఇంట్లో దెబ్బలు తిని వచ్చిన ఆడదాని మంచం పక్కన ఏ కాలంలో ఎవరు నిలబడ్డారు, ఎవరిని బయటికి పంపారు? ఒంటి గాయానికి కట్టు కట్టడం మిషన్ ఆసుపత్రులు మొదటి రోజు నుంచీ చేశాయి. మనసుకు తగిలినదాన్ని పట్టించుకోవడం మాత్రం, ఆ పక్కనున్న మనిషిని పంపించగలిగిన చోటనే మొదలైంది.

మొదట్లో మగవాణ్ణి బయట ఆపింది మిషనరీలు కాదు, మన ఘోషా. 1870 జనవరిలో క్లారా స్వైన్ అనే అమెరికా డాక్టరమ్మ బరేలీలో దిగింది. చదువుకుని పట్టా పుచ్చుకున్న మహిళా వైద్యురాలిని ఒక మిషన్ మన దేశానికి పంపడం అదే మొదలు. రాంపూర్ నవాబు ఇచ్చిన స్థలంలో 1874లో ఆడవాళ్ళ ఆసుపత్రి తెరిచింది. మగ డాక్టరు లోగిట్లోకి రాకూడదు కాబట్టి ఆడ డాక్టరు కావలసి వచ్చింది. ఆడవాళ్ళ వార్డు కాబట్టి మగచుట్టాలు గుమ్మం బయటే ఉండాల్సి వచ్చింది. 1885లో లేడీ డఫరిన్ పేరుతో పుట్టిన నిధి ఊరూరా కట్టించిన జనానా ఆసుపత్రులదీ ఇదే పద్ధతి. ఇల్లాలిని నాలుగ్గోడల మధ్య ఉంచిన ఆచారమే ఆసుపత్రి గడప దగ్గర ఆమె మొగుణ్ణి నిలిపేసింది. ఎవరూ తలపెట్టి చేసింది కాదిది.

మా గుంటూరు కథ మరికాస్త తీరిగ్గా చెప్పాలి. 1842లో హేయర్ అనే లూథరన్ పాదిరి ఇక్కడికి వచ్చాడు. మధ్యలో ఒకసారి అమెరికా వెళ్ళి వైద్యం చదివి, పట్టాతో తిరిగొచ్చాడు కూడా. అయినా ఆడవాళ్ళ నాడి పట్టుకునే మనిషి రావడానికి నలభై ఏళ్ళు పట్టింది. 1883లో అన్నా సారా కుగ్లర్ వచ్చింది. మా వాళ్ళకు కుగ్లరమ్మ. విచిత్రమేమిటంటే మిషన్ బోర్డు ఆమెను డాక్టరుగా పంపలేదు. ఆడపిల్లల బళ్ళు, జనానా పాఠాలు చూడమని పంపింది. పాఠాలు చెబుతూనే వైద్యమూ చేసింది. వైద్య మిషనరీ అన్న గుర్తింపు 1885లో గానీ రాలేదు. ఆసుపత్రి తలుపులు 1898లో తెరుచుకున్నాయి. 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. ఆసుపత్రికి ఆమె పేరే నిలిచింది.

ఇంతవరకూ అందరూ చెప్పేదే. చెప్పకుండా దాటేసే ముక్క ఒకటుంది. పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాలలో 1879లో పట్టా పుచ్చుకున్నాక, మన దేశానికి రాకముందు, కుగ్లరమ్మ నారిస్‌టౌన్‌లోని మానసిక వైద్యశాలలో ఆడవాళ్ళ విభాగంలో పనిచేసింది. ఆ విభాగానికి 1880లో అధికారిగా వచ్చినావిడ ఆలిస్ బెన్నెట్. రోగులను గొలుసులతో, చేతులు కట్టేసే చొక్కాలతో బంధించే అలవాటును బెన్నెట్ మాన్పించింది. వాళ్ళ చేత బొమ్మలు వేయించింది, పాటలు పాడించింది, చేతిపనులు చేయించింది. కుగ్లరమ్మ ఇదంతా కళ్ళారా చూసి మన ఊరికి వచ్చింది. పిచ్చాసుపత్రి నుంచి వచ్చిందని చెబితే పరువు తక్కువనుకుంటారో ఏమో, మన ఉపన్యాసాల్లో ఈ మాట వినబడదు. పాతికేళ్ళ మనిషి ఆ వార్డులో నేర్చుకున్నదంతా ఓడ దిగేటప్పుడు సముద్రంలో పారేసి వచ్చిందంటే నేను నమ్మను.

సత్రం సంగతి కూడా చెప్పాలి. ఏలూరు జమీందారు మంత్రిప్రగడ భుజంగరావు బహద్దర్ పేరు సాహిత్యం చదివినవాళ్ళకు తెలిసే ఉంటుంది. 'మంజువాణి' పత్రిక నడిపినాయన. తన ఇంట్లోవాళ్ళకు కుగ్లరమ్మ చేసిన వైద్యానికి కృతజ్ఞతగా, రోగుల బంధువులు దిగడానికి ఆసుపత్రి దగ్గర సత్రం కట్టించాడు. అందరికీ అందులో కనిపించేది దాతృత్వం. నాకు కనిపించేది దూరం. రోగి లోపల, చుట్టాలు సత్రంలో. వంటా వార్పూ, అలకలూ పంచాయితీలూ అన్నీ అక్కడే. ఆడమనిషి తన వార్డులో ఆడవాళ్ళ మధ్య నిద్రపోయింది. నా ముందు తరం సిస్టర్లు ఒక మాట చెప్పేవాళ్ళు: కొందరు కాన్పు అయ్యి, జ్వరం తగ్గి, కుట్లు మానినా ఇంటికి పోతామనరట, నడుము నొప్పి అని, కళ్ళు తిరుగుతున్నాయని ఇంకో వారం అడిగేవాళ్ళట. డాక్టరమ్మలు ఆ నడుము నొప్పిని పెద్దగా గుచ్చి గుచ్చి అడిగేవాళ్ళు కారట. ఆ వారమే మందు. రిజిస్టరులో ఎక్కని మందు.

రిజిస్టరు అన్నాను గనక 1890 సంగతి. కలకత్తాలో ఫూల్‌మణి దాసి అనే పదీ పదకొండేళ్ళ పిల్ల మొగుడి చేతిలో పడకమీద చనిపోయింది. అతనికి పడింది ఏడాది కఠిన శిక్ష, అదీ గాయపరిచినందుకు. పెళ్ళాం పదేళ్ళు దాటినది కాబట్టి ఆనాటి చట్టం లెక్కలో అది అత్యాచారం కాదు. అప్పుడు మెథడిస్టు మిషన్‌లో పనిచేసే డాక్టర్ మాన్సెల్ అనే అమెరికా ఆవిడ పూనుకుని, పదుల సంఖ్యలో మహిళా వైద్యుల సంతకాలతో వైస్రాయికి అర్జీ పెట్టింది. తమ చేతుల మీదుగా వెళ్ళిన పదమూడు మంది పసి పెళ్ళాల కేసులు అందులో ఉన్నాయి. వయసు, విరిగిన ఎముక, చీలిన కండ, బతికిందా పోయిందా. వరసగా అంతే. 1891లో చట్టం మారి పదేళ్ళ హద్దు పన్నెండైంది. ఇంటి గాయాలను ఆసుపత్రివాళ్ళు గుట్టు విప్పి సర్కారు ముందు పెట్టడం మన దేశంలో ఇంత గట్టిగా అంతకుముందు జరగలేదు. ఆ ధైర్యానికి దండం పెడతాను. కానీ బతికిన పిల్లలు ఆ తర్వాత చీకటి పడితే ఎలా ఉన్నారో, తలుపు చప్పుడైతే ఏం చేశారో రాయడానికి ఆ కాగితంలో చోటు లేదు. ఎముకకు సాక్ష్యం ఉంది, భయానికి లేదు. ఈ లోటు మేం పనిచేసిన రోజుల దాకా అలాగే వచ్చింది.

భయం సంగతి విన్నవాళ్ళు లేకపోలేదు. వాళ్ళ పేర్లు గోడమీద పలకల్లో ఉండవు. ఒకరు బైబిలు స్త్రీ, ఇంకొకరు ఆయమ్మ.

బైబిలు స్త్రీ అంటే మిషన్ నియమించిన తెలుగు ఆడమనిషి. చాలామంది వితంతువులు. తెల్ల చీర, చంకలో పుస్తకం. పొద్దున్నే వార్డులో మంచం మంచానికీ వెళ్ళి కూర్చుని, వాక్యం చదివి, పాట పాడి, "ఏమ్మా, రాత్రి నిద్ర పట్టిందా?" అని అడిగేది. ఈ ప్రశ్న అడగడం డాక్టరు పనిలో లేదు, నర్సుకు తీరిక లేదు. నేను చేరేనాటికి కూడా మా వార్డులో అలాంటావిడ ఒకరుండేవారు. ఆవిడ పక్కన కూర్చుంటే ఆడవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. వీపుమీద వాతలు, కట్నం బాకీ, తాగొచ్చి తన్నడం, మామగారి చూపు. అన్నీ. ఆవిడ వినేది. కళ్ళు తుడిచేది. ఆఖరికి చెప్పేది మాత్రం ఒకటే: "ఓర్చుకో తల్లీ, ప్రార్థన చెయ్యి, అతని మనసు దేవుడే మారుస్తాడు." వినడం వరకూ ఆవిడ కాలం కన్నా ముందుంది, సలహా దగ్గరికి వచ్చేసరికి ఊళ్ళో అమ్మలక్కల వరసలో కలిసిపోయింది. డిశ్చార్జి రోజున పాస్టరుగారు వచ్చి, మొగుడూ పెళ్ళాల చేతులు కలిపి ప్రార్థన చేసి రిక్షా ఎక్కించిన సందర్భాలు నేను చూశాను. కొందరు మళ్ళీ వచ్చారు. కొందరి సంగతి తర్వాత తెలియలేదు. క్షమాపణ గురించి నాకూ నమ్మకం ఉంది. అది దెబ్బలు తిన్న మనిషి తన తీరిక మీద చేసుకునే పని, డిశ్చార్జి కాగితాలతో పాటు చేయించే సంతకం కాదు.

ఆయమ్మ తీరు వేరు. ఆవిడకు వాక్యం తెలియదు, కౌన్సెలింగూ తెలియదు. బెడ్‌పాన్ పెడుతుంది, ఒళ్ళు తుడుస్తుంది. చీర మార్చేటప్పుడు ఒంటిమీద ఎక్కడ ఏ మచ్చ ఉందో డాక్టరు కన్నా ముందు చూసేది ఆవిడే. "ఇది పడితే అయిన దెబ్బ కాదు సిస్టరమ్మా, బెల్టుది" అని నాకు చెవిలో చెప్పిన ఆయమ్మల దగ్గరే నేను గాయం చదవడం నేర్చుకున్నాను. పడితే మోచేతులు, మోకాళ్ళు గీరుకుపోతాయి. కొడితే ముంజేతుల బయటి వైపు కములుతుంది, అడ్డు పెట్టుకుంటారు కాబట్టి. ఒకటి పచ్చబడుతుంటే ఇంకొకటి నల్లగా ఉంటుంది, అంటే ఒక్కరోజుది కాదు. ఇది మా పాఠ్యపుస్తకంలో లేదు.

ఈ వినే పనిని ఒక ఉద్యోగంగా మార్చిన ప్రయత్నమూ మిషన్ చెట్టు కొమ్మే. క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అనే అమెరికా మిషనరీ బొంబాయి నాగ్‌పాడా బస్తీలో ఒక సేవాకేంద్రం నడిపాడు. ఆ అనుభవంతో 1936లో టాటా ట్రస్టు డబ్బుతో సామాజిక సేవా కళాశాల మొదలుపెట్టాడు. అక్కడ చదివినవాళ్ళకు ఆసుపత్రుల్లో పని దొరకడం 1946లో బొంబాయి జె.జె. ఆసుపత్రితో మొదలైంది. పెద్ద ఊళ్ళలో ఆ పోస్టు వచ్చింది గానీ, నేను పనిచేసిన చోట్ల సోషల్ వర్కరు అంటే బిల్లు కట్టలేనివాళ్ళకు రాయితీ కాగితం రాసే మనిషి. ఆ కథ అక్కడికి చాలు.

ఇక వేలూరు. అక్కడ మిషన్ ఆసుపత్రి పెట్టిన ఐడా స్కడర్ కథ మిషన్ ఆసుపత్రుల్లో ప్రతి నర్సుకూ మొదటి వారమే చెబుతారు. ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్ళు వచ్చి తమ భార్యలకు కాన్పు కష్టమైందని, ఆడమనిషే రావాలని అడగడం, మగ డాక్టరైన ఆమె తండ్రిని వద్దనడం, తెల్లవారేసరికి ముగ్గురు ఆడవాళ్ళూ పోవడం, ఆ దుఃఖంతో ఆమె డాక్టరు కావడం. విన్న ప్రతిసారీ మా బ్యాచి పిల్లలు ఏడ్చేవాళ్ళు. నాకు ఏడుపుతో పాటు ఒళ్ళు మండేది. లోపల నొప్పులు పడుతున్న ముగ్గురినీ ఒక్కమాట అడిగినవాళ్ళు లేరు కదా అని.

అదే వేలూరులో బాగాయం దగ్గర 1957లో మానసిక ఆరోగ్య కేంద్రం తెరిచారు. అప్పటికే లక్నోలో స్టాన్లీ జోన్స్ స్థాపించిన నూర్ మంజిల్ ఉంది, 1950 నాటిది. వేలూరులో మానసిక వైద్యానికి పునాది వేసినావిడ కెనడా డాక్టరమ్మ ఫ్లోరెన్స్ నికల్స్. బాగాయం కేంద్రం గొప్పతనం ఏమిటంటే రోగిని ఒంటరిగా చేర్చుకోరు. ఇంటి మనిషి కూడా వచ్చి అక్కడే గది తీసుకుని, వండుకుని, వారాల తరబడి ఉండాలి. జబ్బు గురించి ఇద్దరికీ చెబుతారు, ఇద్దరూ నేర్చుకుని ఇంటికి వెళతారు. అమెరికా, యూరపు పిచ్చాసుపత్రులు మనుషులను ఏళ్ళ తరబడి గోడల వెనక దాచిన కాలంలో ఇది చాలా పెద్ద ఆలోచన. చిత్తూరు, నెల్లూరు జిల్లాల నుంచి మనవాళ్ళు ఎందరో బస్సెక్కి వెళ్ళి బాగుపడి వచ్చారు. మా పిన్నిగారి అబ్బాయి కూడా. ఆ పద్ధతిని తక్కువ చేసి మాట్లాడను.

కానీ ఆ మేలు ఒకచోట అడ్డం తిరుగుతుంది. ఇంటి మనిషే వైద్యంలో భాగం అన్నప్పుడు, జబ్బుకు కారణం ఆ ఇంటి మనిషే అయితే? జనానా వార్డు ఎలాగోలా బయట నిలబెట్టిన మొగుణ్ణి కుటుంబ వార్డు మళ్ళీ మంచం పక్కకు తెచ్చింది. మామూలు ఆసుపత్రులూ అప్పటికే మారిపోయాయి. ఆడవాళ్ళకు ప్రత్యేకం అన్నవి అందరి ఆసుపత్రులయ్యాయి. నర్సులు చాలక, సెలైను బాటిలు చూసుకోవడానికీ మందులు తేవడానికీ ఇంటివాళ్ళు మంచం పక్కన ఉండక తప్పని రోజులొచ్చాయి. 'అటెండరు' పాసు అలా పుట్టింది. పాసు చాలాసార్లు మొగుడి జేబులో ఉండేది.

అలాంటి రోజుల్లోనే మా వార్డుల్లోకి కాలిన ఆడవాళ్ళు రావడం ఎక్కువైంది. "స్టవ్ పేలింది." ఆ స్టవ్ కొత్త కోడళ్ళ దగ్గరే పేలేది, అత్తగార్ల దగ్గర పేలేది కాదు. గుంటూరు పత్తి పల్లెల నుంచి పురుగుమందు కేసులు వచ్చేవి. పేపర్లో మరునాడు "కడుపునొప్పి తాళలేక" అని పడేది. తెలుగు పత్రికల పాత కట్టలు విప్పితే ఎంతమంది ఆడవాళ్ళకు కడుపునొప్పో తెలుస్తుంది. బతికిన అమ్మాయి చేత కూడా "పొరపాటున తాగాను" అనే చెప్పించేవాళ్ళు. ఎందుకంటే ఆత్మహత్యాయత్నం అప్పట్లో నేరం, పోలీసు వచ్చి కూర్చుంటాడు. మేం కడుపు కడిగి, ప్రాణం నిలబెట్టి, మూడో రోజు ఇంటికి పంపేవాళ్ళం. ఏ ఇంట్లో తాగిందో ఆ ఇంటికే. నిద్ర పట్టడం లేదంటే కాంపోజ్ బిళ్ల. గుండెదడ, తలనొప్పి, అరికాళ్ళ మంటలు అంటూ ఏడాదికి నాలుగుసార్లు వచ్చే ఇల్లాలికి బీకాంప్లెక్స్ ఇంజెక్షను, కేసు షీటు మీద 'హిస్టీరియా'.

మేం పూర్తిగా చేతులు ముడుచుకుని కూర్చున్నామని కాదు. నర్సులకు కొన్ని ఎత్తులుండేవి. మొగుడితో "కౌంటర్లో రసీదు కట్టించుకు రండి" అనేవాళ్ళం. కౌంటరు దగ్గర క్యూ ఎంత పొడుగో మాకు తెలుసు. "ఎక్స్‌రేకి తీసుకెళుతున్నాం, మీరిక్కడే ఉండండి" అని స్ట్రెచరు తోసుకుపోయేవాళ్ళం. అన్నిటికన్నా మంచి చోటు లేబర్ రూమ్. ఏ మగాడూ లోపలికి రాడు. కడుపుతో లేని ఆడవాళ్ళను కూడా పరీక్ష అని చెప్పి అక్కడికి తీసుకెళ్ళి, బల్లమీద కూర్చోబెట్టి టీ ఇచ్చేవాళ్ళం. పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో ఏం అడగాలో, విన్నాక ఏం చెయ్యాలో మాకు ఎవరూ నేర్పలేదు. పుట్టింటికి కార్డు రాసిపెట్టడం, తెలిసిన హాస్టల్లో వంటపని ఇప్పించడం, ఇలా ఎవరికి తోచింది వాళ్ళు చేసేవాళ్ళు.

నేర్పే పని ఆసుపత్రి బయట మొదలైంది. హైదరాబాద్‌లో ప్రగతిశీల మహిళా సంఘం అమ్మాయిలు 1970ల నడుమ కట్నాల మీద ఊరేగింపులు తీశారు. తర్వాత స్త్రీశక్తి సంఘటన వచ్చింది. దేశమంతా గొడవ జరిగి 1983లో పెళ్ళాన్ని హింసించేవాళ్ళ మీద 498ఎ సెక్షను, 1986లో వరకట్న చావుల సెక్షను వచ్చాయి. గృహహింస చట్టం 2005లో చేసి, 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లోకి తెచ్చారు. నర్సుగా ఆ చట్టంలో నాకు నచ్చినవి రెండు. మాటలతో, అవమానంతో మనసును చంపడం కూడా హింసేనని అందులో రాశారు. 1890 అర్జీలో చోటు దొరకని భయానికి అన్నాళ్ళకు ఒక గడి దొరికింది. రెండోది, దెబ్బలు తిన్న మనిషి తరఫున అడిగితే ఏ వైద్యశాలైనా చికిత్స చేయాల్సిందేనని ఏడో సెక్షను. 2006లోనే కొండవీటి సత్యవతిగారి 'భూమిక' హెల్ప్‌లైన్ హైదరాబాద్‌లో మొదలైంది. దెబ్బలు తిన్న తెలుగు ఆడమనిషి తెలుగులో మాట్లాడుకునే ఫోన్ ఒకటి దొరికింది.

ఆసుపత్రి లోపల అసలు మలుపు మాత్రం బొంబాయిలో జరిగింది. బాంద్రాలో భాభా మున్సిపల్ ఆసుపత్రి ఉంది. 2000–01 ప్రాంతంలో నగరపాలక సంస్థ, సెహత్ అనే పరిశోధన సంస్థ కలిసి అందులో 'దిలాసా' విభాగం పెట్టాయి. నగరపాలక సంస్థ డాక్టరు సీమా మాలిక్ దానికి ముందు నిలిచింది. అంతకుముందే మలేసియాలో కౌలాలంపూర్ ఆసుపత్రి 1990ల నడుమ ఇలాంటి కేంద్రం నడిపి చూపించింది. దిలాసా గురించి నేను ఒక శిక్షణ శిబిరంలో తెలుసుకున్నాను, రిటైర్మెంటుకు దగ్గర పడ్డాక. వాళ్ళు చేసిన పని వినడానికి చాలా చిన్నదిగా ఉంటుంది. ఓపీలోనే, మిగతా విభాగాల వరసలోనే ఒక గది. గదికి తలుపు. అంటే ఆడమనిషి చీటీ పట్టుకుని కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళినట్టే అక్కడికి వెళుతుంది, ఎవరికీ అనుమానం రాదు. క్యాజువాల్టీ నర్సు దగ్గర్నుంచి వార్డుబాయి దాకా అందరికీ ఏ గాయం చూసి ఎవరిని ఆ గదికి పంపాలో నేర్పారు. మేం రసీదు వంకతో చేసినదాన్ని వాళ్ళు ఆసుపత్రి నియమంగా చేశారు. ఇది విన్నరోజున నాకు సంతోషం కన్నా అసూయ ఎక్కువ కలిగింది.

ఆ గదిలో ఏం చేస్తారు? ముందు, "ఇందులో నీ తప్పు లేదు" అని స్పష్టంగా చెబుతారు. సర్దుకుపొమ్మని అనరు, విడిచి రమ్మని కూడా అనరు. మళ్ళీ కొడితే ఎటు పరిగెత్తాలి, పిల్లల్ని ఎవరి దగ్గర పెట్టాలి, రేషన్ కార్డూ సర్టిఫికెట్లూ ఎక్కడ దాచాలి అన్నది ఆమెతో కలిసి ఆలోచిస్తారు. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగానే అడుగుతారు. అడిగితే లేని ఆలోచన పుడుతుందని మేం భయపడేవాళ్ళం, అది నిజం కాదు. ఆ రాత్రికి ఇల్లు ప్రమాదం అనిపిస్తే అబ్జర్వేషన్ పేరుతో ఒకటి రెండు రోజులు వార్డులో ఉంచుకుంటారు. నడుము నొప్పి అని ఇంకో వారం అడిగిన గుంటూరు ఆడవాళ్ళు నాకు ఇక్కడ గుర్తొచ్చారు. తర్వాత బొంబాయిలో మరికొన్ని మున్సిపల్ ఆసుపత్రుల్లోకి దిలాసా వెళ్ళింది. కేరళ 2009లో 'భూమిక' పేరుతోనే జిల్లా ఆసుపత్రుల్లో పెట్టింది. మనకు 2015 నుంచి, హింసకు గురైన ఆడవాళ్ళ కోసం సఖి కేంద్రాలు వచ్చాయి. ఉన్నచోట మంచిదే, కానీ చాలాచోట్ల అవి ఆసుపత్రి క్యూకు దూరం. దెబ్బలు తిన్న మనిషి ముందు వచ్చేది కట్టు కట్టించుకోవడానికి.

విదేశాల్లో ఇలాంటి పని ఎక్కడ జరిగిందని అడిగితే నేను చూపించేది పపువా న్యూగినీ. సరిహద్దులు లేని డాక్టర్ల సంస్థ యుద్ధాలకూ భూకంపాలకూ పెట్టింది పేరు. యుద్ధం లేని ఆ దేశంలో, ఇళ్ళలో జరిగే కొట్లాట గాయాలే యుద్ధ గాయాల్లా ఉన్నాయని 2007 చివర్లో లే అనే ఓడరేవు పట్నంలోని ఆసుపత్రిలో పని మొదలుపెట్టింది. తర్వాత కొండప్రాంతంలోని తారిలో కూడా. అక్కడ పొలం కత్తే ఆయుధం. వాళ్ళ పద్ధతి ఏమిటంటే ఒకే గదిలో, ఒకే పూట, అయిదు పనులు: గాయానికి వైద్యం, మనసుకు ప్రథమ చికిత్స, హెచ్‌ఐవీ మొదలైనవి అంటకుండా మందులు, హెపటైటిస్ బీకి ధనుర్వాతానికి టీకాలు, అక్కర్లేని గర్భం రాకుండా మాత్ర. మనసుకు ప్రథమ చికిత్స అనేదాన్ని కట్టు కట్టడంతో సమానంగా వరసలో పెట్టారు చూడండి, అది నాకు పెద్ద విషయం. అదే సంస్థ 2016లో విడుదల చేసిన నివేదికకు, కొట్టినవాడి దగ్గరికే తిరిగి పంపడం అని అర్థం వచ్చే పేరు పెట్టుకుంది. వైద్యం అయ్యాక ఆడవాళ్ళు వెళ్ళడానికి ఆశ్రయాలు లేవు, శిక్షలు లేవు అని రాసుకుంది. గదీ తలుపూ ఉన్నా, ఆసుపత్రి గేటు దాటాక రోడ్డు ఆ ఇంటికే పోతుంటే ఎంతవరకని. మా డిశ్చార్జి రిక్షాల కథే అది.

మన దగ్గర 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది: హింస అనుభవించిన ఆడవాళ్ళలో ఎవరినైనా సాయం అడిగినవాళ్ళు నూటికి 14 మంది. ఎవరికీ చెప్పనివాళ్ళు 77 మంది. ఈ 77 మందీ ఏదో ఒక రోజు జ్వరానికో, పిల్లవాడి టీకాకో మన ముందు కూర్చున్నవాళ్ళే.

అందుకని ఇప్పుడు శిబిరాలు పెట్టే చర్చిలకు, ట్రస్టులకు, అమెరికా నుంచి సెలవుల్లో వచ్చి సొంత ఊళ్ళో రెండ్రోజులు క్యాంపు నడిపే మన పిల్లలకు ఒక మాట. బడి వరండాలో నాలుగు బల్లలు వేసి, బల్ల చుట్టూ ఊరంతా నిలబడి ఉండగా బీపీ చూసి పంపేయకండి. ఒక గది ఆడవాళ్ళకు వదలండి. ఇంటివాళ్ళను బయట కూర్చోబెట్టడం అందరికీ ఒకే నియమం చేయండి, అప్పుడు ఏ ఒక్కరి మీదా అనుమానం పడదు. లోపల ఒక ఆడమనిషిని కూర్చోబెట్టి, "ఇంట్లో ఎవరైనా చెయ్యి చేసుకుంటున్నారా?" అని తెలుగులో అడగనివ్వండి. రెండ్రోజుల్లో వెళ్ళిపోయేవాళ్ళు కాబట్టి పాత గాయాలన్నీ తవ్వి తీయొద్దు, మీరు వెళ్ళాక ఆమెకు తోడుండే స్థానిక మనిషి ఎవరో ముందే చూసుకుని రండి. ఆశా కార్యకర్త ఆ మొగుడికి చుట్టమేమో కూడా కనుక్కోండి. కరపత్రం చేతిలో పెట్టొద్దు, మందుల కవరు మీద నంబరు రాయొద్దు, ఇంటికెళ్ళాక దాన్ని ముందు చూసేది ఆమె కాదు. మహిళా హెల్ప్‌లైన్ 181. మూడంకెలే. బయటికి పంపేముందు ఆమె చేత నోటితో రెండుసార్లు చెప్పించండి.